ఎనిమిదేళ్ల మేనత్త

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికన్నా ముందు లేచేది బాయిలరు. అది గురగురమని ఆవిరి కక్కడం మొదలుపెట్టిందంటే తక్కినవాళ్లు కూడా లేచినట్టే. ముందు గది లాండ్రీ, వెనక రెండు గదులు ఇల్లు. మధ్యలో ఒక తలుపు ఉండేది గానీ దాన్ని ఎప్పుడైనా మూశారా అంటే ఎవరికీ గుర్తులేదు. లాడ్జీల నుంచి వచ్చిన దుప్పట్లను తండ్రి మిషన్లో వేసేవాడు, ఆరినవాటిని ప్రెస్సు కింద పెట్టి నొక్కేవాడు. మరకల సంగతి తల్లి చూసుకునేది. నాయనమ్మ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని దిండు గలేబులకి ఊడిపోయిన గుండీలు కుట్టేది, మధ్యమధ్య కొడుకుని తిట్టేది.

దుప్పటి మడత పెట్టాలంటే రెండు కొసలా ఇద్దరుండాలి. ఆ పని ఇంటి పిల్ల గుప్పెడుది, చిన్నత్తది. గుప్పెడుకి ఏడు దాటాయి. చిన్నత్తకి ఎనిమిది. ముప్పై ఏళ్లుగా ఎనిమిదే.

చిన్నత్త అంటే గుప్పెడు తండ్రికి తోడబుట్టిన అక్క. ఎనిమిదో ఏట జబ్బు చేసి పోయింది. పోయిన మర్నాడు పొద్దున తడిజుట్టుతో వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. నాయనమ్మ ఆమెకి తల దువ్వింది. అప్పట్నించీ ఉంది. ఈడుకి చిన్నది, వరసకి అత్త, అందుకని వీధివీధంతా చిన్నత్త అనే పిలిచేది. "ఏమ్మా చిన్నత్తా, మీ తమ్ముడు లేడా?" అని బట్టల మూట పట్టుకుని ఎవరైనా వస్తే, "టీ తాగడానికి పోయాడు. వచ్చేస్తాడు, కూర్చోండి" అని పెద్దరికంగా చెప్పేది. కణతల దగ్గర జుట్టు నెరుస్తున్న మనిషిని పట్టుకుని ఆ పిల్ల "ఒరేయ్, చొక్కా గుండీలు పెట్టుకోరా, వచ్చేవాళ్లు చూస్తారు" అంటే, అతను నోరెత్తకుండా పెట్టుకునేవాడు. అక్క అక్కే కదా.

ఏ జబ్బుతో పోయిందని ఎవరైనా అడిగితే నాయనమ్మ, "జ్వరం వచ్చి పోయింది" అనేది. ఆ రోజుల్లో పిల్లలు పోతే జ్వరంతోనే పోయేవాళ్లు. దానికి ఇంకో పేరు పెట్టే తీరిక ఎవరికుంది?

పొద్దున పూట చిన్నత్త మొహం కాస్త ఉబ్బి ఉండేది. కళ్ల కింద సంచులు వేలాడేవి. సాయంత్రమయ్యేసరికి ఆ ఉబ్బు కాళ్లలోకి దిగేది. మేజోళ్లు విప్పితే పిక్క చుట్టూ గాడి పడి ఉండేది. ఆ పిల్ల వాటమే అంత అనుకున్నారు ఇంట్లోవాళ్లు. ముప్పై ఏళ్లు చూసిన మొహంలో కొత్తగా ఏం వెతుకుతారు?

గుప్పెడుకి ఆ పేరు పుట్టిన రోజునే వచ్చింది. నెలలు నిండకుండా, తండ్రి గుప్పిట్లో పట్టేంత పుట్టింది. చాలా రోజులు ఆస్పత్రిలో గాజుపెట్టెలో ఉంచి ఇంటికి పంపుతూ, "ఏటా ఒకసారి తీసుకొచ్చి చూపించండి. ఇలా తక్కువ బరువుతో పుట్టినవాళ్లకి లోపలి అవయవాలు కూడా చిన్నగానే ఉంటాయి" అని అక్కడి నర్సు చెప్పింది. సరే సరే అన్నారు. పిల్ల బతికింది. పాలు తాగింది. పాకింది. గండం గడిచాక ఏరు దాటినవాడు వెనక్కి తిరిగి ఏరుని చూస్తాడా? మళ్లీ ఆ ఆస్పత్రి గడప ఎవరూ తొక్కలేదు.

ఆ తర్వాత గుప్పెడుకి అడపాదడపా చలిజ్వరం వచ్చేది. పొత్తికడుపు పట్టుకుని ముడుచుకుపోయేది. వీధి చివర మందులకొట్టాయన అరలోంచి ఒక సిరప్పు, నొప్పికి బిళ్లలు తీసి ఇచ్చేవాడు. "ఇది వేశారంటే రేపటికి గంతులేస్తుంది, చూడండి" అనేవాడు. నిజంగానే మర్నాటికి గంతులేసేది. ఆ సిరప్పు సీసా లాండ్రీలో సబ్బుపొడి డబ్బా పక్కనే ఉండేది. తలనొప్పి అన్నా, కాళ్లు లాగుతున్నాయన్నా అదే పోసేవాళ్లు. పక్క తడపడం మాత్రం ఇంకా మానలేదు. దాని గురించి ఎవరూ బెంగపెట్టుకోలేదు. దుప్పట్లు ఉతికే కొంపలో ఇంకో దుప్పటి ఒక లెక్కా?

బళ్లో మరుగుదొడ్డికి గడియ లేదు. మగపిల్లలు తలుపు తోసి పారిపోయేవాళ్లు. అందుకని గుప్పెడు పొద్దున్నించీ నీళ్లు తాగేది కాదు. వచ్చినా బిగబట్టుకునేది. ఇంటి మలుపు తిరిగాక ఒకటే పరుగు. "గుర్రప్పిల్ల వచ్చింది, దారివ్వండి" అని తండ్రి నవ్వుతూ పక్కకి జరిగేవాడు.

ఒకనాడు మధ్యాహ్నం ఇద్దరూ పెద్ద దుప్పటి ఒకటి మడత పెడుతున్నారు.

"అత్తా, అంత గట్టిగా లాగకు."

"నువ్వే వదులు చేస్తున్నావు. చెయ్యి పైకెత్తు. ఇంకా. ఆ! చూశావా, నీ కొస నా కొస సమానం. పోయిన చలికాలం కూడా ఇంతే."

"అయితే నేను పెరగట్లేదా?"

"పెరిగి ఏం చేస్తావే?" అంది చిన్నత్త, దుప్పటి చాటునుంచి తొంగి చూస్తూ. "పెరిగినవాళ్లంతా నన్ను వదిలేసి పోయినవాళ్లే. మీ నాన్న చూడు, నా చెయ్యి పట్టుకుంటేగానీ వీధి దాటేవాడు కాదు. ఒక ఏడాది ఉన్నట్టుండి నన్ను దాటేశాడు. అప్పుడు చాన్నాళ్లు వాడితో మాట్లాడలేదు నేను. నువ్వు ఇలాగే ఉండు. ఇద్దరం ఉందాం."

తల్లి పక్కనే ఒక తువ్వాలు మీద మరక రుద్దుతోంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆ సాయంత్రం మొగుడు ప్రెస్సు ఆపి నడుం పట్టుకుని కూర్చుంటే దగ్గరికి వెళ్లింది. "ఏమండీ, వదిన మాటలు నాకు నచ్చట్లేదు."

"ఏమంది?"

"గుప్పెడు పెరగడం లేదని సంతోషపడుతోంది."

"చిన్నపిల్ల, ఏదో అంది లెద్దూ."

"ముప్పై ఏళ్లుగా చిన్నపిల్లేనా?"

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. నడుం నొప్పికి బిళ్ల ఒకటి నోట్లో వేసుకుని మళ్లీ ప్రెస్సు దగ్గరికి పోయాడు.

అప్పట్నించి తల్లి గమనించడం మొదలుపెట్టింది. చిన్నత్త బీరువాలో తన అరని సగం ఖాళీ చేసింది. తన గౌన్లు ఒక పక్కకి జరిపి, రెండో పక్కన ఏమీ పెట్టకుండా వదిలేసింది. పడుకునేటప్పుడు చాప అంచుకి జరిగి పడుకుంటోంది, ఇంకో మనిషి వస్తుందన్నట్టు. "ఎందుకు వదినా అంత అంచుకి?" అంటే, "ఊరికే" అంది. అలా అన్నప్పుడు ఆమె మొహంలో దురుద్దేశం ఏమీ లేదు. ఎన్నాళ్లనుంచో బండి కోసం కాచుకున్నవాళ్లు, దూరంగా దాని చప్పుడు విన్నప్పుడు ఎలా ఉంటారో అలా ఉంది. తల్లికి దానికే ఎక్కువ భయం వేసింది.

వానలు మొదలయ్యేసరికి గుప్పెడు కళ్లు కూడా పొద్దున పూట ఉబ్బడం మొదలైంది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లు గుప్పెడునీ చిన్నత్తనీ పక్కపక్కన చూసి, "అబ్బ, అచ్చం మేనత్తే! అచ్చు గుద్దినట్టుంది" అని మురిసిపోయేవాళ్లు. నాయనమ్మ సూది ఆపి, "మా రక్తం ఎక్కడికి పోతుంది మరి" అనేది గర్వంగా. చిన్నత్త గుప్పెడు భుజం మీద చెయ్యి వేసి నిలబడేది. తల్లి మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా లోపలికి వెళ్లిపోయేది.

ఒక పొద్దున గుప్పెడు తల పగిలిపోతోందని ఏడ్చి, వాంతి చేసుకుంది. తల్లి ఆమెని బాత్రూంకి తీసుకెళ్లి, బయటికి పంపించి, నీళ్లు పోయబోతూ ఆగింది. పిల్ల మూత్రం పోసిన చోట నేల మీద నురగ. చెంబెడు నీళ్లు పోసింది. నురగ చెదిరి మళ్లీ మూలకి చేరింది. సబ్బు నురగ కాదది. మొగుణ్ణి పిలవలేదు, అత్తగారిని అడగలేదు. చెప్పుల్లో కాళ్లు పెట్టి, "గుప్పెడూ, రా. పిల్లల ఆస్పత్రికి పోదాం" అంది.

"నేనూ వస్తా. నేను లేకపోతే ఇది సూది వేయించుకోదు" అని చిన్నత్త అప్పటికే గుమ్మంలో నిలబడింది. ఆ వెనకే నాయనమ్మ కర్ర తీసుకుని బయల్దేరింది.

పిల్లల ఆస్పత్రిలో ఇనప బెంచీల మీద తల్లులు ఒకరి మీద ఒకరు ఒరిగి కూర్చున్నారు. చంకల్లో పిల్లలు, ఒళ్లో సంచులు. గోడలకి ఎవరో జిరాఫీలు గీశారు గానీ చేతులు తగిలి తగిలి వాటి కాళ్లు చెరిగిపోయాయి. చాలాసేపటికి పిలుపు వచ్చింది. డాక్టరమ్మ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, రాస్తూనే మాట్లాడింది.

"జ్వరమా?"

"వస్తూ పోతూ ఉంటుందమ్మా. ఇవాళ తలనొప్పి, వాంతి."

"ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుందా? బీపీ? చిన్నతనంలో పోయినవాళ్లెవరైనా ఉన్నారా?"

తల్లి నోరు తెరిచేలోగా నాయనమ్మ అందుకుంది. "కిడ్నీలా? మా వంశంలో అలాంటివి లేవమ్మా. మావాళ్లంతా గుండ్రాళ్లు. ఒక్క పిల్ల పోయింది, అది కూడా జ్వరంతో."

చిన్నత్త బల్ల మీదున్న గుండె గొట్టాన్ని చెవికి పెట్టుకుని చూస్తోంది. డాక్టరమ్మ అది మెల్లగా తీసి పక్కన పెట్టి, చీటీ చింపి ఇచ్చింది. "మూత్రం పరీక్ష చేయించి రండి. అది బాగుంటే మందు రాసిస్తాను, ఇంటికి పోవచ్చు."

చిన్న ప్లాస్టిక్ గిన్నె పట్టుకుని పిల్లలిద్దరూ బాత్రూంకి వెళ్లారు. ఆ తలుపుకీ గడియ లేదు. గుప్పెడు కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. ఏళ్ల తరబడి బిగబట్టడం నేర్చుకున్న ఒళ్లు, ఇప్పుడు వదలమంటే వదలలేదు. బయట ఎవరో తలుపు తోశారు. పిల్లకి ఏడుపొచ్చేసింది.

"అత్తా, నాకు రావట్లేదు. నువ్వు పొయ్యవా?"

చిన్నత్త కిసుక్కున నవ్వింది. తర్వాత గిన్నె వంక చూసింది. ముప్పై ఏళ్లలో ఆమెకి తల దువ్వినవాళ్లున్నారు, పని చెప్పినవాళ్లున్నారు. ఇది ఇమ్మని మాత్రం ఎవరూ అడగలేదు. "ఇలా తే" అంది.

లాబ్‌లో గిన్నె ఇచ్చేసి వచ్చి ఇద్దరూ బెంచీ మీద కాళ్లూపుతూ కూర్చున్నారు. ఎంతోసేపు కాలేదు. లాబ్‌లో పనిచేసే అతను చీటీ పట్టుకుని తనే పరుగున డాక్టరమ్మ గదిలోకి పోయాడు. తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ వరసలో ఉన్నవాళ్లని ఆగమని, బెంచీ దగ్గరికి తనే వచ్చింది. గుప్పెడు చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. రెండోసారి చూసింది. కనురెప్ప కిందికి లాగి చూసింది.

"బీపీ ఉంది. పిల్లలకి ఇంత ఉండకూడదు. కానీ..." చీటీ వంక చూసింది. "ఈ రిపోర్టు వచ్చిన పాప ఇలా కూర్చుని కాళ్లూపకూడదు. ఇంతగా ప్రొటీన్ పోతుంటే, ఇంత రక్తం పడుతుంటే మంచం మీంచి లేవలేదు. ఇది ఈ పాపదేనా? లాబ్‌లో గిన్నెలు మారాయేమో. రేపు మళ్లీ తీసుకొస్తారా?"

రేపు అనే మాట తల్లికి చాలా తేలిగ్గా ఉంది. ఇంటికి పోవచ్చు. సిరప్పు పొయ్యొచ్చు. తలనొప్పి తగ్గుతుంది. తగ్గితే మళ్లీ ఎవరొస్తారు? గుప్పెడు తల వంచుకుని చెప్పుల వంక చూస్తోంది.

చిన్నత్త కాళ్లూపడం ఆపింది. ఒక క్షణం గుప్పెడు వంక చూసింది, తను ఖాళీ చేసి పెట్టిన అర కళ్లముందు కనిపించినట్టు. తర్వాత చెయ్యెత్తింది, బళ్లో హాజరు పలికినట్టు.

"నాది" అంది. "దానికి రాలేదు. నేను పోశాను."

డాక్టరమ్మ కళ్లజోడు కిందికి దించింది. చిన్నత్త ముందు గొంతుకూర్చుని మేజోడు కిందికి లాగింది. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి తీసింది. గుంట పడింది. అది పైకి లేవలేదు. అందరూ దాని వంకే చూస్తూ ఉండిపోయారు.

"ఈ పాప ఎవరు?"

"నా కూతురు" అంది నాయనమ్మ.

"ఎప్పుడు పోయింది?"

"మావాడు అప్పటికింకా బడికి కూడా పోలేదమ్మా. దాని వెనకాల పుట్టినవాడు."

"పోయేముందు మొహం ఉబ్బిందా? మూత్రం తగ్గిందా? పక్క తడిపేదా?"

నాయనమ్మ ఒక్కొక్కదానికీ తల ఊపింది.

"జ్వరం కాదమ్మా. కిడ్నీలు." డాక్టరమ్మ గొంతులో కోపం లేదు. "ఇంట్లో ఎవరికైనా ఉందా అంటే లేదన్నారు."

"మాకు తెలీదు తల్లీ."

"పక్కనే కూర్చోబెట్టుకున్నారు కదమ్మా!"

చిన్నత్త మేజోడు తనే పైకి లాక్కుంది. "డాక్టరుగారూ, నన్ను అప్పుడు మీ దగ్గరికి తెచ్చుంటే?" అని అడిగింది.

డాక్టరమ్మ లేవలేదు. అలాగే గొంతుకూర్చుని ఆ పిల్ల మొహంలోకి చూసింది. "అప్పటికి నేను కూడా నీ ఈడుదాన్నేనమ్మా" అంది.

ఆ పూట గుప్పెడుని ఇంటికి పంపలేదు. స్కాన్ తీశారు, రక్తం తీశారు, గొట్టం పెట్టి ఇంకో పరీక్ష చేశారు. సాయంత్రం తండ్రి కూడా బాయిలరు ఆర్పేసి వచ్చాక, డాక్టరమ్మ కాయితం మీద రెండు చిక్కుడుగింజలూ, వాటి కింద ఒక సంచీ గీసి చెప్పింది. మూత్రం సంచీలోంచి కిందికి పోవాల్సింది పోగా, కొంత వెనక్కి ఎగదన్నుతోంది. పుట్టుకతో వచ్చిన లోపం అది. రక్తసంబంధంలో ఒకరికుంటే ఇంకొకరికి ఉండొచ్చు. వచ్చిన ప్రతి జ్వరం కిడ్నీ దాకా పోయి మచ్చ చేసి వచ్చింది. ఒకటి ఎండిపోయిన చింతగింజలా అయింది. రెండోదానిలో సగం పైగా బాగుంది.

"నెలలు నిండకుండా పుట్టింది కాబట్టి అసలే చిన్న కిడ్నీలు. దానికి తోడు నీళ్లు తాగకపోవడం, బిగబట్టుకోవడం. అవి చాలవన్నట్టు ఈ నొప్పిమందులు. ఎవరు రాసిచ్చారు?"

"ఎవరూ రాయలేదండీ" అన్నాడు తండ్రి. "కొట్లో ఇచ్చారు."

"ఒక్కొక్కటీ విడిగా వస్తే తట్టుకునేదేమో. అన్నీ కలిసొచ్చాయి." పెన్ను మూత పెట్టింది. "పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకుందాం. ఇంకో ఏడాది ఇలాగే గడిచుంటే నేనేమీ చెయ్యగలిగేదాన్ని కాదు. మీరు కూడా చెయ్యి ఇటివ్వండి."

అతనికీ బీపీ ఉంది. జేబులోని నొప్పి బిళ్లల అట్ట అక్కడే డాక్టరమ్మ బల్ల మీద పెట్టేసి వచ్చాడు.

గుప్పెడుకి ఆపరేషన్ అయింది. పొద్దునొక బిళ్ల, సాయంత్రమొక బిళ్ల, నెలనెలా పరీక్షలు. సిరప్పు సీసాని తల్లి బయట కాలవలో వంపేసింది. తండ్రి ఒక ఆదివారం స్క్రూడ్రైవరు పట్టుకుని బడికి పోయి, మరుగుదొడ్డి తలుపుకి లోపల గడియ బిగించి వచ్చాడు. నాయనమ్మ మాత్రం ముందులా మాట్లాడటం మానేసింది. చిన్నత్త తల దువ్వడానికి కూర్చుంటే దువ్వెన జుట్టులో పెట్టి అలాగే ఉండిపోయేది. "దువ్వమ్మా" అని చిన్నత్త గుర్తుచేయాల్సి వచ్చేది.

వానలు వెళ్లి మళ్లీ వానలొచ్చేసరికి గుప్పెడు సాగింది. గౌన్లు మోకాళ్ల పైకెక్కాయి. దుప్పటి మడత పెడుతుంటే ఒక కొస పైకీ, ఒక కొస కిందికీ పోతోంది. చిన్నత్త ఒకసారి మునివేళ్ల మీద నిలబడింది. రెండోసారి నిలబడలేదు. దుప్పటి కొస కింద పారేసి, ఎవరితోనూ ఏమీ అనకుండా లాండ్రీ మెట్లు దిగి వెళ్లిపోయింది.

తర్వాత ఆమె పగలు ఇంట్లో కనబడటం తగ్గింది. వీధి మలుపులో వడ్రంగి ఇంటి మెట్టు మీద కూర్చుని ఉండేది. వడ్రంగికి ఒక బక్కపలచని పిల్లాడున్నాడు. చెక్కపొట్టు పోగుచేసి వాళ్లిద్దరూ కొండలు కట్టి ఆడుకునేవాళ్లు. గుప్పెడు తల్లి ఉతికిన బట్టలివ్వడానికి పోయినప్పుడు ఆ పిల్లాడు తలెత్తి చూశాడు. కళ్ల కింద సంచులున్నాయి. ఆమె బట్టలు మెట్టు మీదే పెట్టేసింది.

"వదినా, లే. ఇంటికి పోదాం" అంది.

"వీడు నాతో బాగా ఆడతాడు" అంది చిన్నత్త. లేవలేదు.

తల్లి లోపలికి పోయి వడ్రంగి భార్యతో, "బాబుని పిల్లల ఆస్పత్రికి తీసుకెళ్లండి" అంది.

"ఎందుకూ? బాగానే ఉన్నాడే."

"మా వదిన మీ మెట్టు మీద కూర్చుంటోంది."

వడ్రంగి భార్య కిటికీలోంచి చూసింది. ఇంకేమీ అడగలేదు. చేతి తడి చీరకి తుడుచుకుని పిల్లాణ్ణి ఎత్తుకుంది. ఆ పిల్లాడికి పుట్టుకతో ఒకటే కిడ్నీ ఉందని, అది కూడా నలిగిపోతోందని ఆస్పత్రిలో తేలింది. సమయానికి తెచ్చారన్నారు. కొన్నాళ్లకి వాడు చిన్నత్త భుజం దాకా, ఇంకొన్నాళ్లకి చెవి దాకా ఎదిగాడు. ఆమె ఆ మెట్టు మీంచి లేచి ఇంకో వీధికి పోయింది.

సంగతి ఆ నోటా ఈ నోటా పడి పాకింది. చిన్నత్త వస్తోందంటే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్లు. కొందరు పొద్దున్నే మెట్ల మీద నీళ్లు కుమ్మరించి తడిగా ఉంచేవాళ్లు, కూర్చోకుండా. కొందరు పూలకుండీలు అడ్డంగా పెట్టారు. ఆమె ఎక్కడా అరిచి గోల చేసింది లేదు. కూర్చోనిచ్చిన చోట కూర్చునేది. అంతే. ఆమె కూర్చున్న ఇంట్లో పిల్లని ఆస్పత్రికి తీసుకెళితే ఏదో ఒకటి దొరికేది. తీసుకెళ్లని ఇల్లు ఒకటే ఒకటి. ఆ ఇంటి గురించి ఎవరూ మాట్లాడుకోరు. ఆ ఎండాకాలమంతా చిన్నత్త పక్కన ఆ ఇంటి పిల్ల తడిజుట్టుతో నడుస్తూ కనబడేది, తర్వాత ఇంట్లోవాళ్లు ఇల్లు ఖాళీ చేసి ఆ పిల్లని కూడా ఎటో తీసుకెళ్లిపోయారు.

గుప్పెడుకి పది దాటాక ఒక మధ్యాహ్నం, సంగీతం టీచరు ఇంటి దగ్గర అరుపులు వినబడ్డాయి. ఆమెకి లేక లేక పుట్టిన కూతురు ఒక్కతే. ఆ పిల్లకి కూడా తరచూ జ్వరం. చిన్నత్త పొద్దున్నించీ ఆ మెట్టు మీదే ఉంది. టీచరు తలుపు సందులోంచి, "పో ఇక్కణ్ణుంచి! నా బిడ్డకేం రోగం లేదు. నీ కాలు పడితేనే వస్తుంది" అని గొంతు పగిలేలా అరిచి, దభాల్న తలుపేసుకుంది.

గుప్పెడు బళ్లోంచి వస్తూ అది చూసింది. భుజం మీంచి సంచీ దించి మెట్టు మీద మేనత్త పక్కన కూర్చుంది. కూర్చున్నా ఆమెకన్నా తలెత్తు ఎక్కువే ఉంది.

"పద అత్తా."

"నేను రాను. ఆ పిల్ల కిటికీలోంచి నాకు చెయ్యూపింది."

"దానికి ఒంట్లో బాలేదు కదా?"

చిన్నత్త మేజోడు మీంచి దారప్పోగు ఒకటి లాగుతూ కూర్చుంది. తర్వాత చాలా చిన్న గొంతుతో అంది, "ఈ ఒక్కసారికీ ఊరుకోవే. తలుపు కొట్టకు. మీరంతా పెద్దాళ్లైపోతారు. నాకెవరున్నారే?"

వీధిలో ఎవరూ లేరు. ఎండకి గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. లోపల ఆ పిల్ల దగ్గుతోంది, దగ్గు మధ్యలో ఏదో పాట కూనిరాగం తీస్తోంది. గుప్పెడు మేనత్త చేతిని తన చేతిలోకి తీసుకుంది. అది పొద్దుటి ఉబ్బుతో ఇంకా మెత్తగా ఉంది. కాసేపు పట్టుకుని, వదిలేసి లేచింది.

తలుపు కొట్టింది. ఎవరూ పలకలేదు. మళ్లీ కొట్టింది.

"టీచర్, నేను లాండ్రీవాళ్ల పిల్లని. మా అత్త మీకేం చెయ్యదు. స్నేహం కోసం వచ్చింది. కానీ మీ పాప ఆమెకి స్నేహితురాలు కాకూడదు. కాకూడదనుకుంటే తలుపు తియ్యండి. ఆస్పత్రి నాకు తెలుసు. నేనూ వస్తాను."

లోపల చప్పుడు ఆగిపోయింది. పాట కూడా. ఆ తర్వాత గడియ కదిలింది.

సంగీతం టీచరు కూతుర్ని భుజాన వేసుకుని నిలబడి ఉంది. పిల్ల కాళ్లకి చెప్పులు తొడిగి ఉన్నాయి. టీచరు కళ్లు గుప్పెడు మీద కాకుండా మెట్టు మీదికి పోయాయి. ఆ మెట్టు దాటితేగానీ వీధిలోకి దారి లేదు.

చిన్నత్త తలెత్తి, భుజం మీదున్న పిల్ల వంక చూసింది. పిల్ల నవ్వింది. చిన్నత్త నవ్వలేదు. గౌను దులుపుకుని లేచి, గోడకి ఆనుకుని నిలబడి వాళ్లకి దారి ఇచ్చింది.